డల్లాస్ కౌబాయ్స్ డల్లాస్‌లో ఎందుకు ఆడరు? టెక్సాస్ స్టేడియాల వెనక ఉన్న 2 సెంట్ల లెక్క

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ ఆడేది శివారు ఊరు ఆర్లింగ్టన్‌లో. బేస్‌బాల్ జట్టు టెక్సాస్ రేంజర్స్‌దీ అదే ఊరు. ఎఫ్‌సీ డల్లాస్ అనే ఫుట్‌బాల్ క్లబ్ (మన ఫుట్‌బాల్, వాళ్ల సాకర్) ఉండేది ఫ్రిస్కోలో. క్రికెట్ జట్టు టెక్సాస్ సూపర్ కింగ్స్ మైదానం గ్రాండ్ ప్రెయిరీలో ఉంది. ఊరి పేరుకు తగ్గట్టు డల్లాస్ నడిబొడ్డున ఆడే పెద్ద జట్లు బాస్కెట్‌బాల్ మావెరిక్స్, ఐస్ హాకీ స్టార్స్ మాత్రమే. ఆ రెండూ అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ అనే ఒకే భవనాన్ని పంచుకుంటాయి.

శివార్లలో భూమి చవక, హైవేలు దగ్గర అని చాలామంది సరిపెట్టుకుంటారు. అది అబద్ధం కాదు గానీ అసలు సంగతి షాపు బిల్లు అడుగున ఉంటుంది. టెక్సాస్‌లో రాష్ట్ర అమ్మకపు పన్ను 6.25 శాతం. దానిపైన నగరం, కౌంటీ, రవాణా సంస్థ, ఇంకే స్థానిక సంస్థ వేసుకున్నా అన్నీ కలిపి 2 శాతం దాటకూడదు. అందుకే రాష్ట్రంలోని పెద్ద ఊళ్లలో ఎక్కడ కొన్నా బిల్లు మీద 8.25 శాతమే కనిపిస్తుంది. డాలరుకు ఆ 2 సెంట్లను ఏ ఊరు దేనికి వాడుకుందన్నదే స్టేడియాల కథ.

డల్లాస్ ఒక సెంటు నగర ఖజానాకు, ఇంకో సెంటు డార్ట్‌కు, అంటే బస్సులూ రైళ్లూ నడిపే ప్రాంతీయ రవాణా సంస్థకు ఇచ్చేసింది. ఇర్వింగ్, ప్లేనో కూడా డార్ట్ సభ్యులే కాబట్టి వాటి లెక్కా అంతే. ఇక వీటి చేతిలో మిగిలింది సున్నా. ఆర్లింగ్టన్ ఓటర్లు ప్రజా రవాణా ప్రతిపాదనను 1980, 1985, 2002లో మూడుసార్లు తిప్పికొట్టారు. ఫలితంగా ఆ ఊరికి బస్సు రాలేదు, స్టేడియాలకు అర సెంటు దొరికింది. ఫ్రిస్కో కూడా డార్ట్‌లో చేరలేదు. తన రెండో సెంటును చెరి సగంగా పంచి ఆర్థికాభివృద్ధి సంస్థకు ఒక అర సెంటు, పౌర సౌకర్యాల అభివృద్ధి సంస్థకు ఇంకో అర సెంటు కేటాయించుకుంది.

ఇదే మొత్తం కారణమని మాత్రం అనుకోవద్దు. వాషింగ్టన్ సెనేటర్స్ జట్టు 1972లో ఆర్లింగ్టన్ వచ్చి రేంజర్స్‌గా మారేటప్పటికి డార్ట్ పుట్టనే లేదు. ఆ ఘనత అప్పటి మేయర్ టామ్ వాండర్‌గ్రిఫ్ పట్టుదలది. 1990ల నుంచి మాత్రం ఏ స్టేడియం ఎక్కడ లేచిందో ఈ లెక్కతో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఆర్లింగ్టన్: ఒకే అర సెంటు, మూడు స్టేడియాలు

ఆర్లింగ్టన్ ఈ పద్ధతిని మొదట ప్రయోగించింది 1991లో. రేంజర్స్‌కు కొత్త మైదానం కోసం అర సెంటు పన్నుకు ఓటర్లు ఒప్పుకున్నారు. 1994లో తెరుచుకున్న ఆ బాల్‌పార్క్‌కు 19.1 కోట్ల డాలర్లు అయింది, అందులో 13.5 కోట్లు ఆ పన్ను మీద తీసిన బాండ్లవే. భూసేకరణలో కొంతమంది యజమానుల నుంచి బలవంతంగా స్థలం తీసుకుంటే, ఇచ్చిన పరిహారం చాలదని కోర్టు తర్వాత తేల్చింది. అప్పటి జట్టు యజమానుల్లో జార్జ్ డబ్ల్యూ. బుష్ ఒకరు. ఆయన పెట్టింది సుమారు 6 లక్షల డాలర్లు, 1998లో జట్టును అమ్మినప్పుడు చేతికి వచ్చింది సుమారు 1.5 కోట్ల డాలర్లు. కొత్త స్టేడియం వస్తే జట్టు ధర ఎంత పెరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ లేదు. పెరిగిన ఆ ధరలో ఊరికి వాటా లేదు.

తర్వాత కౌబాయ్స్ వంతు. 1971 నుంచి ఇర్వింగ్‌లోని టెక్సాస్ స్టేడియంలో ఆడుతున్న ఆ జట్టు కొత్త చోటు వెతుక్కుంటూ ముందు డల్లాస్‌లోని ఫెయిర్ పార్క్ వైపు చూసింది. బేరం కుదరలేదు. 2004 నవంబరులో ఆర్లింగ్టన్ ఓటర్లు దాదాపు 55 శాతం మెజారిటీతో తలుపు తీశారు. నగరం వాటాకు 32.5 కోట్ల డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టారు. అది తీర్చడానికి అర సెంటు అమ్మకపు పన్ను, హోటల్ గదుల మీద 2 శాతం, అద్దె కార్ల మీద 5 శాతం వేశారు. 2009లో తెరుచుకునేసరికి మొత్తం ఖర్చు సుమారు 120 కోట్ల డాలర్లకు చేరింది, పెరిగిన భారమంతా జట్టు మీదే పడింది. ఈ ఒప్పందంలో ఊరికి అన్నిటికంటే మేలు చేసింది ఆ పరిమితే.

జట్టు వాటాలోనూ ఒక మెలిక ఉంది. టికెట్ మీద 10 శాతం, పార్కింగ్ మీద కారుకు 3 డాలర్ల పన్ను వేసుకునే వీలు రాష్ట్ర చట్టం ఇస్తుంది. ఆ రాబడిని చూపి సుమారు 14.8 కోట్ల డాలర్ల బాండ్లు కూడా నగరమే జారీ చేసింది. కాగితాల మీద ఇది కౌబాయ్స్ పెట్టిన సొమ్ముగా లెక్క. ఆ డబ్బు కట్టేది మాత్రం టికెట్ కొన్న మనిషి. జట్టు దృష్టిలో ఇది న్యాయమే, ఆ పన్ను లేకపోతే టికెట్ ధరనే ఆ మేరకు పెంచుకునేవాళ్లం అంటారు. ఒప్పుకుందాం, కానీ దాన్ని పెట్టుబడి అని పిలవడం కాస్త ఎక్కువే.

భవనం యజమాని ఆర్లింగ్టన్ నగరం, కౌబాయ్స్ అద్దెదారు. అద్దె ఏడాదికి 20 లక్షల డాలర్లు. స్టేడియం పేరు అమ్ముకున్న డబ్బులో 5 శాతం నగరానికి వస్తుంది, అదీ ఏడాదికి 5 లక్షల డాలర్లకు మించకుండా. టికెట్లు, బాక్సులు, ప్రకటనలు, తిండి అమ్మకాలు జట్టువి. ఆస్తి నగరానిది కాబట్టి దాని మీద ఆస్తిపన్ను ఉండదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, బడులు ప్రధానంగా ఆస్తిపన్ను మీదే నడుస్తాయి. వంద కోట్ల డాలర్లు దాటిన భవనం ఆ జాబితాలో లేకపోవడం చిన్న విషయం కాదు. బాండ్ల వడ్డీ, అసలు గురించి చర్చ జరిగినంతగా దీని గురించి జరగదు.

మరి ఊళ్లో సామాన్య కుటుంబం మీద పడేదెంత? టెక్సాస్‌లో బియ్యం, పాలు, కూరగాయల వంటి సరుకులకు అమ్మకపు పన్ను లేదు. హోటల్ భోజనం, బట్టలు, ఎలక్ట్రానిక్స్ లాంటి వాటికి ఉంది. అలాంటివి నెలకు 1,500 డాలర్ల మేర కొనే ఇల్లు అర సెంటు లెక్కన నెలకు ఏడున్నర, ఏడాదికి 90 డాలర్లు కడుతుంది. నొప్పి తెలియనంత చిన్నది, అందుకే ఓటు సులువుగా పడుతుంది. 2016లో రేంజర్స్ మళ్లీ వచ్చి, 1994 నాటి బాల్‌పార్క్ ఎండకు పనికిరావడం లేదు, పైకప్పున్న మైదానం కావాలన్నప్పుడు అదే పన్నును పొడిగించడానికి 60 శాతం ఓట్లు పడ్డాయి. ఈసారి నగరం పరిమితి 50 కోట్ల డాలర్లు. 2020లో గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ తెరుచుకుంది. పాత బాల్‌పార్క్ 26 సీజన్లకే బేస్‌బాల్‌కు పనికిరానిదైపోయింది. కొత్త పన్ను వేయడం కంటే అమల్లో ఉన్న పన్నును కొనసాగించడం రాజకీయంగా ఎంతో తేలిక, ఎందుకంటే మర్నాడు ఎవరి బిల్లూ పెరగదు.

స్టేడియం వస్తే ఊరు బాగుపడుతుందా అన్నది ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా పరిశీలించిన ప్రశ్న. వాళ్లలో చాలామంది మాట ఒకటే: ప్రజలు పెట్టిన డబ్బుకు తగిన రాబడి కనబడదు. మ్యాచ్‌కు వెళ్లే కుటుంబం కొత్తగా డబ్బు సృష్టించదు, సినిమాకో మరో చోట భోజనానికో పెట్టాల్సింది ఇక్కడ పెడుతుంది. అయితే ఆర్లింగ్టన్ విషయంలో ఒక మినహాయింపు చెప్పాలి. ప్లేనో, ఫోర్ట్ వర్త్‌లలో ఖర్చయ్యే డబ్బు ఆర్లింగ్టన్‌కు వస్తే ఆర్లింగ్టన్ లాభపడినట్టే. మొత్తం ప్రాంతానికి మాత్రం ఒరిగేదేమీ లేదు, డబ్బు ఈ ఊరి నుంచి ఆ ఊరికి మారిందంతే. శివారు ఊళ్లు పోటీపడి స్టేడియాలు కట్టడం వాటి వరకు తెలివైన పనే కావచ్చు, నష్టపోయేది పక్క ఊరు.

హ్యూస్టన్: బయటివాళ్ల జేబు

హ్యూస్టన్‌కు ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఒక సెంటు నగరానికి, ఇంకో సెంటు మెట్రో రవాణాకు పోతుంది. పైగా 1996 సీజన్ తర్వాత అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని జట్టు ఆయిలర్స్ టెనెసీకి వెళ్లిపోయింది, బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్ కూడా ఊరు విడుస్తామన్న సంకేతాలు ఇచ్చింది. 1996 నవంబరులో స్టేడియాల ప్రతిపాదన అతి తక్కువ తేడాతో గట్టెక్కింది. ఆస్తిపన్ను ముట్టుకోకూడదన్నది షరతు. 1997లో హారిస్ కౌంటీ, హ్యూస్టన్ నగరం కలిసి స్పోర్ట్స్ అథారిటీని పెట్టాయి. ఆ సంస్థకు రాబడి హోటళ్ల మీద 2 శాతం, అద్దె కార్ల మీద 5 శాతం.

హ్యూస్టన్‌లో హోటల్ గది తీసుకుంటే పన్ను 17 శాతం పడుతుంది. ఆ 17లో రాష్ట్రానికి 6, నగరానికి 7, కౌంటీకి 2, స్పోర్ట్స్ అథారిటీకి 2. రాత్రికి 150 డాలర్ల గది తీసుకుంటే 3 డాలర్లు స్టేడియాల అప్పుకు వెళ్తాయి. ఈ డబ్బుతోనే నాలుగేళ్లలో మూడు భవనాలు లేచాయి: 2000లో ఆస్ట్రోస్ మైదానం, 2002లో టెక్సాన్స్ కోసం ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియం, 2003లో బాస్కెట్‌బాల్ జట్టు రాకెట్స్ కోసం టొయోటా సెంటర్. మూడోదాన్ని 1999లో ఓటర్లు తిరస్కరించారు, షరతులు మార్చి 2000లో మళ్లీ అడిగితే ఒప్పుకున్నారు.

బయటివాళ్లు కడతారన్న మాట వినడానికి బాగుంటుంది. చిక్కేమిటంటే బయటివాళ్లు రావడం తగ్గిన ఏడాది రాబడీ తగ్గుతుంది, అప్పు వాయిదా తగ్గదు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇదే జరిగింది. ఆ బాండ్లకు హామీగా నిలిచిన బీమా కంపెనీ రేటింగ్ పడిపోవడంతో బ్యాంకులు కొంత అప్పును గడువుకంటే ముందే తీర్చమని కూర్చున్నాయి. స్పోర్ట్స్ అథారిటీ తేరుకుని రుణాలను తిరగరాసుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. అమ్మకపు పన్ను ఇంతగా ఊగదు, ఎందుకంటే ఊరి జనం ఎప్పుడూ ఏదో ఒకటి కొంటూనే ఉంటారు.

ఆస్ట్రోస్ మైదానం పేర్లు చూస్తే ఇంకో పాఠం. 2000లో దాని పేరు ఎన్‌రాన్ ఫీల్డ్, 30 ఏళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం. రెండేళ్లు తిరక్కుండానే కంపెనీ కుప్పకూలింది. 2002లో మినిట్ మెయిడ్ పార్క్ అయింది, 2025 నుంచి డైకిన్ పార్క్. ఊళ్లోవాళ్లు దారి చెప్పేటప్పుడు ఇప్పటికీ పాత పేరే వాడతారు, మ్యాప్‌లో వెతికేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. 2026 ప్రపంచకప్‌కైతే ఇంకో ముడి. స్పాన్సర్ల పేర్లను ఫిఫా ఒప్పుకోదు కాబట్టి కౌబాయ్స్ ఆడే ఏటీ అండ్ టీ స్టేడియాన్ని డల్లాస్ స్టేడియంగా, టెక్సాన్స్ ఆడే ఎన్‌ఆర్‌జీని హ్యూస్టన్ స్టేడియంగా ప్రకటించారు. అలా ఆర్లింగ్టన్ కట్టిన భవనానికి డల్లాస్ పేరు వచ్చింది. ఆ కప్‌లో మిగతా ఏ వేదికకూ లేనన్ని, 9 మ్యాచ్‌లు దానికే కేటాయించారు.

శాన్ ఆంటోనియో, ఆస్టిన్

శాన్ ఆంటోనియో రెండు దారులూ తొక్కింది. 1989లో ఓటర్లు ఒప్పుకున్న తాత్కాలిక అర సెంటుతో ఐదేళ్లలో 18.6 కోట్ల డాలర్ల ఆలమోడోమ్‌కు డబ్బు సమకూరింది, పన్ను చెప్పిన ప్రకారం ఆగిపోయింది. అప్పుల పరంగా ఇంత శుభ్రంగా ముగిసినవి అరుదు. కానీ ఏ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు కోసం కట్టారో ఆ జట్టు రానేలేదు. బాస్కెట్‌బాల్ జట్టు స్పర్స్ అందులో 1993 నుంచి ఆడి, అంత పెద్ద డోమ్ తమ ఆటకు నప్పదని 2002లో కౌంటీ కట్టిన మరో అరీనాకు మారింది. 2025 నవంబరులో డౌన్‌టౌన్‌లో మరో కొత్త అరీనాకు కౌంటీ హోటల్, అద్దె కార్ల పన్నుల నుంచి 31.1 కోట్ల డాలర్ల వరకు ఇవ్వడానికి ఓటర్లు ఒప్పుకున్నారు.

ఆస్టిన్‌ది వేరే తరహా. 2021లో తెరుచుకున్న క్యూ2 స్టేడియం నగరం స్థలంలో ఉంది, కట్టిన ఖర్చు మాత్రం అందులో ఆడే సాకర్ క్లబ్‌దే. ఏ జట్టూ సొంత డబ్బుతో స్టేడియం కట్టదని ఎవరైనా అంటే దీన్ని చూపించవచ్చు, 20 వేల సీట్ల సాకర్ స్టేడియానికి అయ్యే ఖర్చు ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియంలో నాలుగో వంతు కూడా ఉండదన్న సంగతి కలిపి.

పైకప్పు కష్టాలు

టెక్సాస్‌లో ఖర్చును పెంచేది ఎండ. 1965లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ తెరిచినప్పుడు లోపల నిజమైన గడ్డే వేశారు, దానికి వెలుతురు అందాలని కప్పుకు పారదర్శకమైన పలకలు బిగించారు. పగటి ఆటల్లో ఆ మెరుపుకు గాల్లోకి లేచిన బంతి ఫీల్డర్లకు కనిపించలేదు. పలకలకు రంగు పూశారు, గడ్డి చచ్చింది. ఆ సీజన్ చివరిదాకా ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు కొట్టి ఆడించారు. 1966లో కృత్రిమ పచ్చిక పరిచారు, దానికి ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అక్కడే వచ్చింది. ఆ భవనం ఇప్పుడు ఖాళీగా ఉంది. 21.7 కోట్ల డాలర్లతో మరమ్మతు చేసి వాడదామన్న ప్రతిపాదనను 2013లో ఓటర్లు కొట్టేశారు. 2017లో రాష్ట్రం రక్షిత కట్టడంగా గుర్తించడంతో కూల్చడం కూడా సులువు కాదు.

పక్కనే ఉన్న ఎన్‌ఆర్‌జీ స్టేడియానిది తెరుచుకునే పైకప్పు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలాంటిది అదే మొదటిది. బరువు తగ్గించడానికి కప్పుకు గట్టి వస్త్రం వాడారు. 2008లో ఐక్ తుఫానుకు ఆ వస్త్రం చిరిగి, ఆ ఏడాది మిగతా మ్యాచ్‌లు కప్పు తెరిచే ఆడారు.

ఏటీ అండ్ టీ స్టేడియంలో మైదానం ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటుంది, రెండు చివర్లా పెద్ద గాజు తలుపులు. నవంబరు సాయంత్రాల్లో సూర్యుడు పడమటి గాజులోంచి సూటిగా కొట్టి, పాస్ అందుకోవాల్సిన ఆటగాళ్లకు బంతి కనిపించదు. 2024 నవంబరులో కౌబాయ్స్ ఆటగాడు సీడీ ల్యాంబ్ ఒక టచ్‌డౌన్ అవకాశం అలాగే చేజార్చుకున్నాడు. తెర వేయించమని ఎంతమంది అడిగినా యజమాని జెర్రీ జోన్స్ ససేమిరా అన్నాడు. మధ్యలో వేలాడే పెద్ద వీడియో తెర మైదానానికి 90 అడుగుల ఎత్తున ఉంటుంది. తెరిచిన ఏడాదే ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో టెనెసీ జట్టు పంటర్ (బంతిని ఎత్తుగా, దూరంగా తన్నే ఆటగాడు) తన్నిన బంతి దానికి తగిలింది, ఇప్పుడు అలా జరిగితే ఆ ఆట మళ్లీ ఆడిస్తారు. 2011 ఫిబ్రవరిలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు ప్రేక్షకుల సంఖ్య పెంచాలని తాత్కాలిక సీట్లు వేశారు, అవి సమయానికి పూర్తి కాలేదు. దాదాపు 1,250 మంది ఇబ్బంది పడ్డారు, అందులో 400 మందికి అసలు సీటే దొరకలేదు. అదే వారం మంచు తుఫాను వచ్చి కప్పు మీద నుంచి జారిపడ్డ మంచుగడ్డలు కింద పనిచేసేవాళ్లను గాయపరిచాయి.

గ్రాండ్ ప్రెయిరీలో క్రికెట్

తెలుగువాళ్లకు ఎక్కువగా పరిచయమైనది గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం. నగరానికి చెందిన ఈ మైదానం 2008లో చిన్నస్థాయి బేస్‌బాల్ జట్టు ఎయిర్‌హాగ్స్ కోసం తెరుచుకుంది. జట్టు మూతపడ్డాక క్రికెట్‌కు మార్చారు. బేస్‌బాల్ మైదానం విసనకర్ర ఆకారం. బ్యాటర్ ఒక మూలన నిలబడతాడు, సీట్లన్నీ ఆ మూల చుట్టూ చేరతాయి. క్రికెట్‌కు 22 గజాల పిచ్ నడిమధ్యన ఉండి, అన్ని వైపులా బౌండరీ 65 నుంచి 90 గజాలు రావాలి. అందుకే ఇన్‌ఫీల్డ్ మట్టి, బౌలర్ నిలబడే దిబ్బ తీసేసి నేలంతా ఒకే మట్టానికి తెచ్చి, పిచ్‌ల వరుసను కొత్తగా తయారు చేయాల్సి వచ్చింది.

2023 జూలై 13న మేజర్ లీగ్ క్రికెట్ ఇక్కడే మొదలైంది, టెక్సాస్ సూపర్ కింగ్స్ లాస్ ఏంజెలెస్ జట్టును 69 పరుగులతో ఓడించింది. ఆ సీజన్‌కు మన అంబటి రాయుడి పేరు జట్టులో ప్రకటించారు గానీ ఆడక ముందే తప్పుకున్నాడు. 2024 టీ20 ప్రపంచకప్‌లో ఇక్కడ జరిగిన నాలుగు మ్యాచ్‌ల్లో ఒకటి జూన్ 6న అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ను ఓడించినది.

వెళ్లాలనుకునేవాళ్లకు రవాణా లెక్క మళ్లీ ఆ 2 సెంట్ల దగ్గరికే వస్తుంది. డార్ట్‌కు పన్ను కట్టే డల్లాస్‌లో విక్టరీ స్టేషన్‌లో రైలు దిగితే అరీనా ఎదుటే ఉంటుంది. హ్యూస్టన్‌లో రెడ్ లైన్ రైలు ఎన్‌ఆర్‌జీ దాకా వెళ్తుంది. ఆస్టిన్‌లో క్యూ2 పక్కన 2024లో మెకాల్లా స్టేషన్ తెరిచారు. ఆర్లింగ్టన్, ఫ్రిస్కో, గ్రాండ్ ప్రెయిరీలకు కారే గతి, పార్కింగ్ ముందే కొనుక్కోవడం మంచిది. ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌కు అరచేయంత చిన్న పర్సు కాకుండా లోపల కనిపించే సంచి మాత్రమే, అదీ 12, 6, 12 అంగుళాల కొలతల్లోపు ఉంటేనే లోపలికి రానిస్తారు. మామూలు హ్యాండ్‌బ్యాగ్‌తో వెళ్లి గేటు నుంచి కారు దాకా వెనక్కి నడిచేవాళ్లు ప్రతి ఆదివారం కనిపిస్తారు.

ఇక ముందు చూడాల్సింది గడువులు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో మావెరిక్స్, స్టార్స్ లీజు 2031తో, ఎన్‌ఆర్‌జీలో టెక్సాన్స్ లీజు 2032తో ముగుస్తాయి. మరోవైపు 2025లో ప్లేనో, ఇర్వింగ్ వంటి నగరాలు డార్ట్ నుంచి బయటపడటంపై 2026లో ఓటింగ్ పెట్టాలని తీర్మానించడం యాదృచ్ఛికమే కావచ్చు. ఏ ఊరైనా అలా బయటికి వస్తే ఒక సెంటు ఖాళీ అవుతుంది, దానికి స్టేడియం ఒక్కటే గిరాకీ కాదు, రోడ్లూ పోలీసులూ వరుసలో ఉంటారు. పైగా ఆ సెంటు వెంటనే చేతికి రాదు. డార్ట్ అప్పులో తన వాటా తీరేదాకా ఆ ఊళ్లో పన్ను డార్ట్‌కే వెళ్తూ ఉంటుంది, బస్సులు మాత్రం ఆగిపోతాయి.